కాలనీ పార్కులో ఆట సామాన్లు మార్చిన డైరీ: కొలతలు, ఖర్చులు, రెండుసార్లు చేయాల్సి వచ్చిన పనులు

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు మా కాలనీ పార్కులో పాతికేళ్లనాటి ఆట సామాన్లు తీసేసి కొత్తవి పెట్టిన పని లెక్క ఇది. పార్కు కార్పొరేషన్‌ది. అనుమతి, పర్యవేక్షణ వార్డు ఇంజనీరువి. డబ్బు కాలనీ సంఘానిది, మొత్తం నాలుగు లక్షలు. నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠం చెప్తాను కాబట్టి కొలతలు, డ్రాయింగులు, బిల్లులు నాకు అప్పగించారు. ఇంకో కాలనీ వాళ్లు ఇదే పనికి దిగితే మేం పోగొట్టుకున్న డబ్బు, రోజులు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను.

మొదటి దశ: ఉన్నవాటిని కొలవడం (ఫిబ్రవరి)

స్టీలు రేకు జారుడుబల్ల ఒకటి, మూడు సీట్ల ఉయ్యాల, రెండు సీ-సా బల్లలు (అటొకరు ఇటొకరు కూర్చుని పైకీ కిందికీ ఊగేవి), ఒక రంగులరాట్నం. రంగు వేయిస్తే ఇంకో ఐదేళ్లు వస్తాయని సంఘంలో సగం మంది అన్నారు. రెండు ఆదివారాలు కూర్చుని కొలిచాం.

వాడిన పనిముట్లు:

1. టేపు, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, రసమట్టం.
2. చిన్న సుత్తి.
3. వడ్రంగి దగ్గర కోయించిన రెండు చెక్కలు. ఒకటి 89 మి.మీ. వెడల్పు, రెండోది 230 మి.మీ. అడ్డుకొలత ఉన్న గుండ్రటి బిళ్ల.
4. తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినవి ఆ రెండు చెక్కలే. ఐరోపాలో ఆట సామాన్లకు వాడే ఈఎన్ 1176 ప్రమాణంలో ఈ కొలతలు ఉన్నాయి. చిన్నపిల్లలు కమ్మీల సందులోకి ముందు కాళ్లు పెడతారు. ఒళ్లు జారిపోతుంది, తల ఇరుక్కుంటుంది, కాళ్లకు నేల అందదు. అందుకే 89 మి.మీ. చెక్క దూరిన సందులో 230 బిళ్ల కూడా దూరాలి. చెక్క దూరి బిళ్ల దూరకపోతే ఆ సందు ఉరితో సమానం. మా జారుడుబల్ల పైమెట్టు చుట్టూ తొమ్మిది సందులున్నాయి, ఒక్కోటి 142 మి.మీ. తొమ్మిదింటిలోనూ చెక్క గరుకు కూడా తగలకుండా అవతలికి పోయింది. పక్కన నిలబడి చూస్తున్న ఒక నాయనమ్మ మనవణ్ని చంకలోకి ఎత్తుకుంది. రంగు వేయిద్దామన్న మాట ఆ రోజుతో ఆగిపోయింది.

మిగతావి:

ఉయ్యాల పైపు నడుము ఎత్తులో 3.6 మి.మీ. మందం ఉంది. నేలను తాకే చోట సుత్తితో కొడితే మోత మారింది. గీకి, తొలిచి కొలిస్తే 1.4. తుప్పు ఇనుమును నడిమధ్యలో కాదు, నేల అంచులోనే తినేస్తుంది. అక్కడ నీళ్లు నిలుస్తాయి, మన్ను అంటుకుని ఉంటుంది. పైన మూత లేని పైపైతే వాన లోపలికి దిగి లోపలి నుంచీ తింటుంది.

గొలుసు వేలాడే కొక్కెం 10 మి.మీ. ఉండాల్సింది అరిగి 6కు వచ్చింది.

ఉయ్యాలకు, వెనక ప్రహరీకి మధ్య 2.1 మీటర్లే ఉంది. కింద నేల సిమెంటు. బురద కాకుండా ఎప్పుడో ఎవరో పోయించారట.

జారుడుబల్ల వేడి దగ్గర థర్మామీటర్ మమ్మల్ని తప్పుదారి పట్టించబోయింది. ఫిబ్రవరి చివర, మధ్యాహ్నం రెండింటికి 41 డిగ్రీలు చూపించింది. చెయ్యి పెడితే మాత్రం రెండు సెకన్లు ఉంచలేకపోయాను. మెరిసే స్టీలు తన వేడిని సరిగ్గా వెలువరించదు, ఆ థర్మామీటర్‌కు అది అందదు. రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, పది నిమిషాలు ఆగి టేపు మీద కొలిస్తే 61 వచ్చింది. స్టీలు కొలిచేవాళ్లు టేపు మరవొద్దు.

ఈ దశ ఖర్చు: రూ. 2,000. మొత్తం: రూ. 2,000.

రెండో దశ: డ్రాయింగు, కొటేషన్లు (మార్చి)

మూడు కొటేషన్లు తెప్పించాం. మూడింటిలోనూ రంగురంగుల ప్లాస్టిక్ మల్టీ ప్లే సెట్లే ఉన్నాయి. ఒక్క దాంట్లో కూడా నేల గురించి ఒక్క వాక్యం లేదు. పిల్ల పడితే దెబ్బ తగిలేది నేల వల్లే కదా అని అడిగితే, కావాలంటే రబ్బరు టైల్సు వేయిస్తాం, అది వేరే బిల్లు అన్నారు. అక్కడే మా ఆలోచన తిరగబడింది. ముందు నేల, ఆ నేల తట్టుకోగల ఎత్తు, ఆ ఎత్తుకు సరిపడే సామాను. ఈ వరసలో డ్రాయింగు వేశాం.

లెక్కలకు అమెరికా కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ వాళ్ల ప్లేగ్రౌండ్ హ్యాండ్‌బుక్ పట్టుకున్నాం. అందులోని మూడు మాటలు మా స్థలాన్ని తేల్చేశాయి:

1. ఏ సామాను చుట్టూ అయినా ఆరడుగులు, అంటే 1.83 మీటర్లు, ఖాళీ ఉండాలి.
2. ఉయ్యాలకు ముందు, వెనక ఒక్కో వైపు దూలం ఎత్తుకు రెట్టింపు ఖాళీ ఉండాలి.
3. ఉయ్యాల చట్రంలో ఒక గడిలో, అంటే రెండు పక్కల కాళ్ల మధ్య, రెండు సీట్లకు మించి వేలాడదీయకూడదు.

మా ఆట స్థలం 14 మీటర్లు, 11 మీటర్లు. దూలం ఎత్తు 2.1 మీటర్లు అనుకుంటే ముందు 4.2, వెనక 4.2, మొత్తం 8.4. అడ్డంగా కమ్మీ నుంచి సీటుకు 0.76, సీటు 0.45, సీట్ల మధ్య 0.61, మళ్లీ సీటు, మళ్లీ 0.76, రెండు పక్కలా 1.83. కలిపితే 6.7. ఉయ్యాలను పాత దిక్కులో పెడితే జారుడుబల్లకు చోటు ఇరుకైపోతుంది. తొంభై డిగ్రీలు తిప్పి, 8.4ను 11 మీటర్ల వైపు పడుకోబెడితే పట్టింది. మిగిలిన 7.3 మీటర్ల వెడల్పులో జారుడుబల్ల వచ్చింది. దానికి 8.1కి 4.9 మీటర్లు చాలు. సీ-సా బల్లలు వేపచెట్టు అవతలికి పోయాయి.

రంగులరాట్నం మళ్లీ పెట్టలేదు. తిరిగే బల్ల కింద కాలు ఇరుక్కోకుండా, వేగం హద్దు దాటకుండా మా షెడ్డులో చేయించగలమన్న నమ్మకం కుదరలేదు.

మూడో ఉయ్యాల పోవడం మాత్రం బాధగానే ఉంది. సాయంత్రం ఆరింటికి అక్కడ వరసలో నిలబడే పిల్లలను నేను రోజూ చూస్తాను. రెండు సీట్లు వాళ్లకు చాలవు. కానీ మూడో సీటు నడిమధ్యలో ఉంటే, దాన్ని అందుకోవడానికి ఊగుతున్న రెండు సీట్ల మధ్య నుంచి పిల్ల నడిచి వెళ్లాలి.

ఈ దశ ఖర్చు: రూ. 1,500. మొత్తం: రూ. 3,500.

మూడో దశ: పాతవి తీయడం (ఏప్రిల్ మొదటి రెండు వారాలు)

పాత ఇనుము కార్పొరేషన్ ఆస్తి. కాలనీ వాళ్లు అమ్ముకోకూడదు. తూకం వేయించాం, 612 కిలోలు వచ్చింది, అప్పగించి రసీదు తీసుకున్నాం. ఈ కాగితం లేకపోతే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

పాత రంగు దగ్గర ఒక రోజు పని ఆపించాను. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. మా సామాన్ల మీది పొరలు అంతకన్నా పాతవి. పరీక్షలకు పోకుండా సీసం ఉన్నట్టే భావించి పని చేశాం:

1. కోసే చోట నాలుగు వేళ్ల వెడల్పు మేర నీళ్లు చల్లుతూ తడిగా గీకడం. పొడిగా గ్రైండర్ పెట్టకూడదు.
2. కింద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద రాలిన పొట్టును మూటగట్టి మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం.
3. గ్యాస్ కటింగ్ బదులు రంపం. రంగు మీద మంట పెడితే పొగలో సీసం వస్తుంది.
4. ఈ పని సాగిన మూడు రోజులు పార్కు గేటుకు తాళం.

"గింత దానికి గింత పరేషానా మేడం" అన్నాడు వెల్డరు భాయ్. ఆయన కూతురు కూడా ఈ పార్కుకే వస్తుంది. అది గుర్తు చేశాక మాస్కు తీయలేదు.

ఇక్కడ మేం చేసిన తప్పు: మొదటి రోజు పైపులను నేల మట్టానికి కోసి, పునాదులు లోపలే వదిలేయమన్నాను. ఎలాగూ పైన ఇసుక పడుతుంది కదా అనుకున్నాను. తర్వాత తవ్వకం లోతు గీసి చూస్తే పదకొండు దిమ్మెల్లో ఏడు కొత్త గుంతలో పైకి లేచి నిలబడతాయి. బ్రేకర్ మళ్లీ అద్దెకు తెచ్చి అన్నీ పెకలించాం. రెండు దిమ్మెలు రాతికే పోసి ఉన్నాయి. హైదరాబాద్‌లో రెండడుగులు తవ్వితే గ్రానైట్ రాయి తగలడం మామూలే, పునాది చోట్లు ఖాయం చేసేముందు గడ్డపారతో పొడిచి చూసుకోండి.

ఈ దశ ఖర్చు: రూ. 31,500. మొత్తం: రూ. 35,000.

నాలుగో దశ: ఇనుప పని (ఏప్రిల్ మూడో వారం నుంచి మే మూడో వారం)

పైపు. ఉయ్యాల చట్రానికి రెండున్నర అంగుళాల బి క్లాసు పైపు అడిగాం. దాని గోడ 3.6 మి.మీ. ఉండాలి. లారీ దిగాక కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి, నాలుగు చోట్ల వెర్నియర్ పెడితే 3.1, 3.2, 3.2, 3.1. బిల్లు మీద 'బి' క్లాసు, లారీలో అంతకన్నా పలచని 'ఏ' క్లాసు. దుకాణదారు ముందు ఒప్పుకోలేదు. వెర్నియర్ ఆయన చేతికే ఇచ్చి కొలవమన్నాం. తిరిగి తీసుకున్నాడు, నాలుగు రోజులు పోయాయి. అంచు మీది గరుకు తీయకుండా కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది, మోసపోయేది అక్కడే.

గాల్వనైజింగ్. రంగు బదులు జింకు పూత వేయించాలని నిర్ణయించాం. వెల్డింగ్ అంతా అయ్యాక చట్రాన్ని బాలానగర్ వైపు ఒక షెడ్డుకు తీసుకెళ్తే, చూసిన వెంటనే వెనక్కి పంపారు. రెండు కొసలూ మూసి వెల్డు చేసిన పైపుల్లో ఒక్క రంధ్రం కూడా లేదు. కరిగిన జింకు దాదాపు 450 డిగ్రీల మీద ఉంటుంది. మూసిన పైపులో తడి గాలి ఉంటే ఆవిరై పేలుతుంది, పక్కనున్న మనిషి ప్రాణం పోతుంది. డ్రాయింగులో ఆ రంధ్రాలు చూపించాల్సింది నేను. చూపించలేదు. తిప్పి తెచ్చి ప్రతి పైపుకూ రెండు కొసల్లో, ఎదురెదురు పక్కల్లో 12 మి.మీ. రంధ్రాలు వేయించాం, పూత అయ్యాక వాటిని బిరడాలతో మూశాం. రవాణా, కూలి కలిపి రూ. 3,500 దండగ.

ఇంకోటి: పూత పడ్డాక మళ్లీ వెల్డింగ్ పెట్టొద్దు. పూత పోతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అన్ని రంధ్రాలు, పట్టీలు, కొక్కేలు ముందే ఖాయం చేసుకుని, సైటులో బోల్టులు మాత్రమే బిగించాలి.

పైమెట్టు కమ్మీలు. అడ్డకమ్మీలు పెడితే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారని నిలువు కమ్మీలు పెట్టాం. సందు 84 మి.మీ. అన్నీ సరిగ్గా వచ్చాయి, ఒక్కటి తప్ప. వెల్డరు ఒక మూల నుంచి మొదలుపెట్టి లెక్క ప్రకారం కమ్మీలు నిలబెట్టుకుంటూ పోతే చివరి మూలలో మిగిలిన సందు 131. "గదొక్కటే గద మేడం, ఏం గాదు" అన్నాడు. చెక్క తీసి ఆ సందులో పెట్టాను. అవతలికి పోయింది. ఆయన ఏమీ అనకుండా ఇంకో కమ్మీ కోశాడు. పొడవును సమానంగా భాగించి, మధ్య నుంచి మొదలుపెట్టమని చెప్పి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

జారుడుబల్ల. ప్లాస్టిక్‌ది కొన్నాం, ఉత్తరం ముఖంగా, వేప నీడ పడేలా పెట్టాం. పైమెట్టు 1.2 మీటర్లు, దిగే అంచు నేలకు 0.2 మీటర్ల పైన. అంటే మీటరు దిగాలి. వాలు 30 డిగ్రీలు దాటకూడదంటే వాలు పొడవు 2 మీటర్లు కావాలి. బజారులో ముందు చూపించినదాని వాలు 1.5 మీటర్లు, అంటే దాదాపు 42 డిగ్రీలు. పిల్ల జారదు, పడుతుంది. పొడవుది తెప్పించడానికి పన్నెండు రోజులు పట్టింది.

గొలుసులు, బోల్టులు రాణిగంజ్‌లో తెచ్చాం. 8.6 మి.మీ. మందం కడ్డీ ముక్క వెంట తీసుకెళ్లి, గొలుసు లంకె సందులో అది దూరకపోతేనే కొన్నాం. దూరితే చిన్న వేలు కూడా దూరుతుంది.

పునాదులు. కాంక్రీటు 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర), ఒక్కో గుంత 450కి 450, లోతు 750 మి.మీ. కాంక్రీటు పైభాగం ఆట నేలకు 400 మి.మీ. కింద ఉండాలి. మేస్త్రి పాత నేల నుంచి మట్టం పట్టాడు, కొత్త నేల నుంచి కాదు. రెండు దిమ్మెలు 40 మి.మీ. పైకి వచ్చాయి. ఉలితో చెక్కించాం. పని మొదలయ్యేముందు ప్రహరీ మీద ఎర్రగీత ఒకటి గీసి, అన్ని కొలతలూ ఆ గీత నుంచే అని చెప్పండి.

ఖర్చు (రూ.):
పైపులు 32,000
కటింగ్, వెల్డింగ్ 28,000
జింకు పూత, రవాణా 11,000
రంధ్రాల దండగ 3,500
గొలుసులు, సీట్లు, బేరింగులు, బోల్టులు 19,500
జారుడుబల్ల 34,000
పునాదులు 26,000
సీ-సా బల్లలు రెండు 16,000
ఈ దశ: రూ. 1,70,000. మొత్తం: రూ. 2,05,000.

ఐదో దశ: నేల (మే మూడో వారం నుంచి జూన్ చివర)

పని మొత్తంలో ఎక్కువ తప్పులు, ఎక్కువ ఖర్చు ఇక్కడే.

ముందు లెక్క. ఆ హ్యాండ్‌బుక్ ప్రకారం తొమ్మిది అంగుళాల ఇసుక నాలుగడుగుల ఎత్తు నుంచి పడేవాళ్లను కాపాడుతుంది. తొమ్మిది అంగుళాల చెక్క చిప్స్ పదడుగుల దాకా కాపాడుతుంది. జారుడుబల్ల పైమెట్టు 1.2 మీటర్లు, నాలుగడుగులకు లోపలే, ఇసుక చాలు. ఉయ్యాలకు పడే ఎత్తును దూలం ఎత్తుగానే లెక్కగట్టాలంటుంది, అది ఏడడుగులు. అక్కడ ఇసుక పనికిరాదు. అందుకని ఉయ్యాల కింద 56 చదరపు మీటర్లు చెక్క చిప్స్, జారుడుబల్ల కింద 40 చదరపు మీటర్లు ఇసుక. వదులుగా పోసినది అణుగుతుంది, తొమ్మిది కావాలంటే పన్నెండు అంగుళాలు పోయాలి. కాబట్టి 300 మి.మీ. అడుగున నీళ్లు పోవడానికి 100 మి.మీ. కంకర. తవ్వాల్సింది 400.

తవ్వి చూశాక అర్థమైంది, మొరం నేలలో నలభై సెంటీమీటర్ల గుంత అంటే చిన్న కుంటే. నాలుగు బిందెల నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూస్తే సగం అక్కడే ఉన్నాయి. నాలుగంగుళాల పీవీసీ పైపుకు కింది సగంలో రంధ్రాలు వేసి, మీటరుకు సెంటీమీటరు వాలుతో వేసి, పార్కు మూలనున్న ఇంకుడు గుంతకు కలిపాం. కంకర మీద నీళ్లను దిగనిచ్చి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాం.

ఇక ఇసుక. నది ఇసుక టన్ను రెండు వేలు అన్నారు, రోబో సాండ్ వెయ్యి. 19 టన్నులు కావాలి. "రెండూ ఇసుకే గద, కడితే బిల్డింగులే నిలబడ్తయి" అన్నాడు మేస్త్రి. సగానికి సగం మిగులుతుందని నేనూ సరే అన్నాను. పోశాం, పరిచాం, మూడు రోజుల్లో వేసవి వాన ఒకటి పడింది. పదో రోజు పాదంతో నొక్కితే అచ్చు పడలేదు. రోడ్డు వేసినట్టు గట్టిపడింది.

ఎందుకంటే రోబో సాండ్ రాయిని నలగ్గొట్టి చేసేది. గింజ కోణాలుగా ఉండి ఒకదానిలో ఒకటి దిగుతుంది, మధ్యలో రాతి పిండి పూడుకుంటుంది. కాంక్రీటులో అదే దాని గుణం. ఇక్కడ కావలసింది పక్కకు జరిగిపోయే గుండ్రటి గింజ, పిండి లేనిది, 0.2 నుంచి 2 మి.మీ. మధ్యది. కొనేముందు చేయాల్సిన పరీక్షను మేం కొన్న తర్వాత చేశాం:

1. గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు. గట్టిగా ఊపి గంట ఉంచండి. పైన తేరిన సన్నపొర కొలవండి. రోబో సాండ్‌లో 60 మి.మీ. ఇసుకకు 11 మి.మీ. పొర. కడిగిన నది ఇసుకలో 2.
2. రెండు తొట్లలో పోసి, తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడపండి. వారం.
3. 12 మి.మీ. మందం, 1.2 మీటర్ల పొడవు ఉన్న కడ్డీని పీవీసీ గొట్టంలోంచి మీటరు ఎత్తు నుంచి వదలండి. దిగిన లోతు కొలవండి. రోబో సాండ్‌లో 35 మి.మీ., నది ఇసుకలో 120.

కడ్డీ పరీక్ష రెండు ఇసుకలను పోల్చడానికే. నేల భద్రతకు అసలు పరీక్ష వేరు, తల ఆకారపు గుండును వదిలి లోపలి సెన్సారుతో కొలుస్తారు. ఆ పరికరం మా దగ్గర లేదు, అందుకే హ్యాండ్‌బుక్ లోతుల్లో ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు.

రోబో సాండ్ అంతా ఎత్తించాం. కొంత నడకదారి కింద వాడాం, మిగతాది కాలనీలో ఇల్లు కట్టుకునేవాళ్లు తీసుకెళ్లారు. గుడ్డ మీద పిండి పూడుకుపోయింది, దాన్ని తీసి ఎండలో దులిపి మళ్లీ పరిచాం.

చెక్క చిప్స్. వానాకాలానికి ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొడతారు. వార్డు ఆఫీసుకు ఉత్తరం రాస్తే ఆ కొమ్మలు ఉచితంగా ఇచ్చారు, వాటిని ముక్కలు చేసే ష్రెడ్డర్ మిషన్ మేం అద్దెకు తెచ్చుకున్నాం. మొదటి ట్రాక్టరులో తుమ్మ కొమ్మలు కలిసి వచ్చాయి. మిషన్‌లో వేశాక నేను చెప్పు విడిచి రెండడుగులు నడిచాను. మూడో అడుగు పడలేదు, మడమలో అర అంగుళం ముల్లు. మిషన్ ముల్లును నలపదు, అలాగే వదులుతుంది. ఆ కుప్ప మొత్తం పక్కన పెట్టేశాం. తర్వాతి ట్రాక్టర్లలో వేప, కానుగ మాత్రమే, ఒక్కో కొమ్మా చూసి వేశాం. ఫర్నిచర్ దుకాణాల పాత చెక్క, ప్లైవుడ్ ముక్కలు వద్దనుకున్నాం. మందు పట్టించినవి, మేకులున్నవి ఏవో చెప్పలేం. చెదలు వస్తాయన్న భయం ఉంది. మన్ను తగలకుండా కంకర, గుడ్డ అడ్డం ఉన్నాయి, నెలకోసారి అడుగు తిరగేసి చూస్తున్నాం.

జూన్ మూడో వారంలో గట్టి వాన. గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. గుంతలో నీళ్లు పైకి రాలేదు, ఇంకుడు గుంతలో పైపు మూతి నుంచి ధార పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటే నెల రోజుల అలసట పోయింది.

ఖర్చు (రూ.):
తవ్వకం, మన్ను తరలింపు 25,000
కంకర 15,000
గుడ్డ 7,000
పైపు, కలపడం 9,500
అంచు కట్టు 24,000
రోబో సాండ్ (వృథా) 19,000
నది ఇసుక 38,000
కొమ్మలు, మిషన్, ముళ్ల కుప్ప 27,000
కూలీలు 15,500
ఈ దశ: రూ. 1,80,000. మొత్తం: రూ. 3,85,000.

పైన కనిపించే సామానుకు 1,70,000, కింద కనిపించని నేలకు 1,80,000. సంఘం మీటింగులో ఈ రెండు అంకెలు చూసి కొందరికి కోపం వచ్చింది. నేల ఖర్చు లేని కొటేషన్ చూపించి ఎవరైనా తక్కువ ధర చెబితే, ఆ మిగిలిన డబ్బు ఎవరి తలకు తగులుతుందో అడగండని చెప్పాను. ఇప్పటికీ అదే చెప్తాను.

ఆరో దశ: తెరిచాక బయటపడినవి (జులై, ఆగస్టు)

తెరవడానికి ముందు రోజు ఒక్కదాన్నే వెళ్లి నా చున్నీతో ప్రతి మూలా తుడిచినట్టు లాగుతూ వచ్చాను. జారుడుబల్ల పైన, ప్లాస్టిక్ అంచుకు కమ్మీకి మధ్య 6 మి.మీ. సందు ఉంది, పైన వెడల్పు, కింద ఇరుకు. చున్నీ కొస అందులోకి దిగి బిగిసింది. రెండు చేతులా లాగితే చిరిగింది కానీ రాలేదు. అదే ఒక పిల్ల మెడలో ఉండి, ఆ పిల్ల జారడం మొదలుపెట్టి ఉంటే? తెరవడం ఆరు రోజులు వాయిదా వేశాం. సందు మూసే రబ్బరు పట్టీ, పొడుచుకొచ్చిన బోల్టు కొసలకు గుండ్రటి మూత నట్లు పెట్టించాం. మీరు ఏ సామాను పెట్టినా, ముందు ఒక పాత చున్నీతో ఈ పరీక్ష చేయండి. ఖర్చు లేదు.

రెండో వారంలో ఉయ్యాల కీచుమంది. బేరింగులో వాన నీళ్లు. మూత ఉన్న రకం వేయించాం.

మూడో సమస్య కుక్కలు. ఇసుక చల్లగా ఉంటుందని రాత్రి వచ్చి పడుకుంటున్నాయి, తడి చేస్తున్నాయి. గేటుకు స్ప్రింగు, కింద జాలీ పెట్టాం. తోటమాలి తాత రోజూ పొద్దున్నే దంతెతో ఇసుక తిరగేస్తాడు. ఆ పని చేసే మనిషి లేకపోతే ఇసుక పెట్టొద్దు.

మూత నట్లు, పట్టీ 2,600, బేరింగులు 3,400, గేటు, జాలీ 6,000.
ఈ దశ: రూ. 12,000. మొత్తం: రూ. 3,97,000.

సెప్టెంబరు

వినాయక చవితికి కుర్రాళ్లు సీరియల్ లైట్ల తీగ ఉయ్యాల చట్రానికి కడతామన్నారు. కరెంటు తీగ ఇనుముకు వద్దని విడిగా రెండు గుంజలు పాతించాం. అడిగి చేశారు, అది నాకు సంతోషం.

చిప్స్ లోతు: స్తంభాల మీద ముందే గీసిన పసుపు గీత నుంచి కొలిచాం. అంచుల్లో 250 మి.మీ., సీట్ల కింద 190. కాళ్లు ఈడ్చే చోట గుంట పడుతుంది. 230కి తగ్గనివ్వకూడదు కాబట్టి అంచుల నుంచి లాగి, పక్కన ఉంచుకున్న నిల్వ నుంచి ఎనిమిది తట్టలు పోశాం. కొనేటప్పుడే ఒక వంతు ఎక్కువ చేయించి టార్పాలిన్ కింద ఉంచుకోండి.

తెరిచిన రోజు నుంచి రెండో తరగతి పిల్లాడొకడు ప్రతి సాయంత్రం ఒకే ప్రశ్న అడుగుతున్నాడు: "ఆంటీ, మూడో ఉయ్యాల ఏదీ?" వాడికి వరసలో ఉండగానే చీకటి పడుతోంది. నిజానికి పెద్దపిల్లల రెండు సీట్ల కోసం చిన్నపిల్లలు కూడా ఎగబడుతున్నారు. పసిపిల్లలకు నాలుగు వైపులా ఆనుకునే బుట్ట సీటు ఒకటి విడిగా పెడితే వరస చిన్నదవుతుంది. బుట్ట సీటుకు దూలం నుంచి కూర్చునే చోటికి ఉన్న ఎత్తుకు రెట్టింపు చాలు. 2.1 మీటర్ల దూలం, 0.6 మీటర్ల ఎత్తులో సీటు, అంటే 1.5. రెట్టిస్తే ముందు 3, వెనక 3. రంగులరాట్నం తీసిన ఖాళీ కొలిచాను. ప్రహరీ దాకా 6.4 మీటర్లు ఉంది, అడ్డం 5.1 కావాలి, 5.5 ఉంది. పడుతుంది.

మా దగ్గర మిగిలింది మూడు వేలే. గణేశ్ కమిటీ కుర్రాళ్లు ఉత్సవంలో మిగిలిన పద్దెనిమిది వేలు తెచ్చి ఇచ్చారు. మిగతాది వసూలు చేయాలి. ఆ ఖాళీలోనే ఇప్పుడు కాలనీ ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు, సద్దుల బతుకమ్మ అయ్యేదాకా తవ్వొద్దన్నారు. సరేనన్నాను. నిన్న సాయంత్రం ముగ్గుతో 6 మీటర్లు, 5.1 మీటర్ల గడి గీశాం. ముగ్గు డబ్బా పట్టుకుంది ఆ రెండో తరగతి పిల్లాడే.